ఏకవచనం

కోడుమూరు బస్సు దిగి నేను చేరేసరికి
నాజిమా మేడం బల్లమీద కట్ట విప్పి ఉంటారు.
రెండువేల తొమ్మిదిలో
తుంగభద్ర రెండు రోజులు చదివి
వదిలేసిపోయిన కాగితాలు.
ఇప్పటికీ విప్పితే ఒండ్రు వాసన.

ఎం.ఏ. ఫార్సీ రెండో ఏడు, నలుగురం.
ముగ్గురు కర్నూలు పాతబస్తీ మగపిల్లలు,
ఉగ్గుపాలతోనే ఉర్దూ తాగినవాళ్లు.
నాలుగోదాన్ని నేను, దూదేకుల కాశింబీని.
మా ఇంట్లో నమాజు అరబ్బీ, తిట్టు తెలుగు,
నడుమ ఇంకే భాషా లేదు.
గొంతులో గీరుకుని ఖ పలకాలంటే నాకింకా దగ్గొస్తుంది.
మొదటేడు నేను చదివితే ఫర్హతుల్లా
పుస్తకం అడ్డం పెట్టుకుని భుజాలు ఊపేవాడు.

మాయమ్మ అడిగింది:
"ఆ బాస మాట్లాడేటోళ్లు మనూర్లో ఎవరుండారే?"
నువ్వే ఉండావు కదమ్మా అన్నాను.
రోజూ అంటావే, ఆ రోజు వాళ్లది.
బజారు వాళ్లది. జమీను వాళ్లది.
"మనకు జమీను యాడుందే" అని
చేటలో బియ్యం ఎగరేసింది.

వ్యాకరణంలో నాకు నచ్చింది ఇజాఫత్.
రెండు మాటల నడుమ రాయకుండా పలికే చిన్న ఎకారం.
కంటికి కనబడదు, నోరు మరిచిపోకూడదు.
మా నాయన పరుపు కుట్టేటప్పుడు
దూది లోపలికి దిగి మళ్లీ కనబడని దారం.

ఈ పొద్దు షికస్తా. విరిగిన రాత.
తొందరలో ఉన్న ఎవరో గుమాస్తా చేతిలోంచి
చుక్కలన్నీ రాలిపోగా మిగిలిన రాత.
నవాబుల నాటి వృత్తిపన్ను లెక్క:
చాకళ్లు ఇన్ని ఇండ్లు, నేతగాళ్లు ఇన్ని, గానుగ ఒకటి.
ఆ తర్వాతి మాట దగ్గర ముగ్గురూ ఆగిపోయారు.
"చుక్కల్లేవు మేడం. బే కావచ్చు, తే కావచ్చు."
ఒక పన్ను, పన్ను లెక్కలో పన్నే,
వంగిన దాల్, నిటారు అలిఫ్, చివర ఒక ముడి.
నాకు చుక్కలు అక్కర్లేకపోయింది.
ముక్కులోకి దూదిపీచు పోతే
తుమ్ము ఎవరినన్నా అడిగి వస్తుందా?
నద్దాఫ్, అన్నాను.
దూది ఏకేవాడు.

బడిలో కోపమొస్తే పిల్లలు విసురుకునే మాట, పింజారి,
ఇక్కడ ఎంత నిదానంగా కూర్చుని ఉంది,
గానుగ పక్కన, ఎవరి కోపమూ అంటకుండా.

నద్దాఫ్, దో ఖానా. రెండిండ్లు.
రెండో ఇంటికి ఎదురుగా అంచులో సన్నగా: గురేఖ్త.
పారిపోయిన.
కరువా, అప్పా, ఇదే పన్నా, రాయలేదు.
గుమాస్తాకు కారణంతో పనిలేదు,
మొత్తంలోంచి తీసేసుకున్నాడు, అంతే.

ఫార్సీలో అతడూ ఆమె ఒక్కటే, ఊ.
క్రియ కూడా ఎవరినీ బయటపెట్టదు.
నా తెలుగు ఊరుకోదు.
పారిపోయాడు అంటే
ఒక మొగుడు, వెనక వాకిట్లో మిగిలిన పిల్లలు.
పారిపోయింది అంటే
ఆడమనిషీ గొడ్డూ ఒకే తోకతో వెళ్లిపోతాయి.
మనోళ్లు యాడనుంచో రాత్రికి రాత్రి వచ్చినారని
జేజి చెప్పేది,
ఏకేవిల్లు ఎనుము మీద కట్టుకుని.
యాడనుంచో ఆమెకూ తెలీదు.

కలం చాలాసేపు గాల్లోనే పట్టుకున్నాను.
తర్వాత రాశాను: పారిపోయినారు.

సాయంత్రం మేడం దానికింద ఎర్ర పెన్సిలుతో గీశారు.
"మూలంలో ఏకవచనం కదా కాశింబీ.
ఈ గౌరవం ఎక్కణ్ణించి తెచ్చావు?"
తెలుగులోంచి, అన్నాను.
చెరపమనలేదు. ఉంచమనీ అనలేదు.
కట్టకు గుడ్డ చుట్టి రెండు ముళ్లు వేశారు.

చీకటి పడ్డాక కోడుమూరులో దిగితే
నాయన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు,
కనుబొమ్మల మీద ఇంకా తెల్లటి నూగు.
"పొద్దున్నించి ఏం సదివినావు?"
ఒక మాట, అన్నాను.
"ఒగటేనా?
బస్సు చార్జీకన్నా గిట్టలేదే."